మాటల మూలాలు, 6వ పాఠం: గార్బుల్

పోయిన పాఠంలో డిస్టార్ట్ చూశాం. లాటిన్‌లో మెలితిప్పడం, ఇంగ్లిషులోనూ దాదాపు అదే. గార్బుల్ అంత బుద్ధిమంతురాలు కాదు. ఇప్పుడు కలగాపులగం చేయడం అంటున్నాం గాని, పుట్టినప్పుడు దానర్థం శుభ్రం చేయడం!

నిఘంటువులో వ్యుత్పత్తిని చివరి నుంచి మొదటికి చదవండి. చివర కనిపించేది లాటిన్ 'క్రిబెల్లమ్', చిన్న జల్లెడ. అరబ్బీలో అది 'గిర్బాల్' అయింది. ఆ జల్లెడ పట్టడాన్నే ఇటలీ వర్తకులు 'గార్బెల్లారే' అన్నారు. 15వ శతాబ్దంలో ఇంగ్లిషుకు చేరింది. సుగంధద్రవ్యాల్లోంచి మట్టీ పుల్లలూ ఏరేయడమే అప్పటి గార్బుల్. లండన్‌లో అందుకు గార్బ్లర్ అనే అధికారి ఉండేవాడు.

మలుపు 17వ శతాబ్దంలో వచ్చింది. జల్లెడ పట్టేవాడు కొంత ఉంచుకుని కొంత పారేస్తాడు. ఎదుటివాడి మాటల్లోంచి తనకు కావలసిన ముక్కలే ఏరుకున్నవాడు చేసేదీ అదే. ఇక్కడ మోసం ఉంది. ఆ తర్వాత మోసమూ రాలిపోయి, అర్థంకాకుండా పోవడం ఒక్కటే మిగిలింది.

పాత అర్థం చచ్చిపోలేదు, అనువాదకులు బోల్తాపడేది ఇక్కడే. మిరియాల వ్యాపారంలో 'గార్బుల్డ్' అంటే బాగుచేసిన సరుకు, 'అన్‌గార్బుల్డ్' అంటే బాగుచేయని సరుకు. 'టెలిచెరీ (కేరళలోని తలశ్శేరి) గార్బుల్డ్ ఎక్స్‌ట్రా బోల్డ్' అనే రకం అంటే 4.25 మి.మీ. జల్లెడ మీద నిలిచే గింజ. దీన్ని 'చెడిపోయిన మిరియాలు' అని రాస్తే అర్థం తలకిందులే.

వాడేటప్పుడు ఒక్కటి చూసుకోండి: చెడింది మాటో, రాతో, సందేశమో అయితేనే గార్బుల్. సాగదీసిన ఫొటో డిస్టార్ట్, ఎండకు వంగిన తలుపు చెక్క వార్ప్. అను ఫాంట్లలో టైపు చేసింది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుందే, అది అచ్చమైన గార్బుల్డ్ టెక్స్ట్. అక్షరాలు ఎగిరిపోలేదు, ఆ సంకేతాలకు తెలుగు ఆకారాలిచ్చే ఫాంటే లేదు.

గార్బేజ్‌తో చుట్టరికం మాత్రం కలపకండి. అది మొదట్లో కోడి పేగులూ కాళ్లూ లాంటి వ్యర్థానికి పేరు. రెంటికీ బంధుత్వం రుజువు కాలేదు.

అభ్యాసం: గార్బుల్, డిస్టార్ట్, వార్ప్‌లలో ఏది?
1. సిగ్నల్ లేక ఫోన్లో ముక్కలుముక్కలైన కబురు.
2. తడిసి వంకరపోయిన క్యారమ్ బోర్డు.
3. గుండ్రటి అద్దంలో సాగిన ముఖం.

జవాబులు: గార్బుల్, వార్ప్, డిస్టార్ట్. వచ్చే పాఠం స్క్యూ.