హైదరాబాద్ ఎండల్లో బాతు గుడ్లు పొదిగించడం

ఐదారు ఆడబాతులకు ఒక మగబాతు చాలు. పెట్టి వారం దాటని గుడ్లే వాడండి, మట్టి అంటితే కడగకుండా పొడిగుడ్డతో తుడవండి. గుడ్డు పిల్ల కావడానికి మామూలు బాతుకు 28 రోజులు, మస్కోవీ అనే బాతు రకానికి 35.

ఇంక్యుబేటర్లో 37.5 డిగ్రీలు, 55 శాతం తేమ ఉంచి, మామూలు బాతు గుడ్లను 25వ రోజు దాకా రోజుకు మూడుసార్లైనా తిప్పాలి. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాలి. లేకపోతే తీసేయండి, కుళ్లి పగిలితే మిగతావీ పాడవుతాయి.

అసలు తంటా ఏప్రిల్, మే నెలల పొడిగాలితో. చివరి మూడు రోజులు తేమ 70 దాకా లేకపోతే లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. పిల్ల పెంకుకు చిల్లు పెట్టి అక్కడే ఆగిపోతుంది. మాటిమాటికీ మూత తెరిచినా అంతే. చిల్లు పడ్డాక ఒక రోజు పట్టడం మామూలే, గిల్లకండి.

పిల్లలకు తొలివారం 32 డిగ్రీల వెచ్చదనం, ముక్కు మునిగేంత నీళ్లు. ఈతకు తొందరొద్దు, తల్లి లేని పిల్లలు నూగు తడిసి చలికి చచ్చిపోతాయి.