జీరో కమాండ్‌కే కదిలే మోటార్: గ్రౌండ్ లూప్‌ని పట్టుకోవడం ఎలా?

సమస్య: కంట్రోలర్ (మోటార్‌కి వేగం చెప్పే పెట్టె) అనలాగ్ ఔట్‌పుట్ సున్నా వోల్టులే ఇస్తోంది. అయినా మోటార్ నెమ్మదిగా పాకుతుంది, లేదా నిలబడిన చోటే సన్నగా గుర్రుమంటుంది. 10 వోల్టులకు 3000 ఆర్‌పీఎం అని సెట్ చేసిన డ్రైవ్‌కి (ఆ వోల్టేజీ చూసి మోటార్‌కి పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్‌కి) 10 మిల్లీవోల్టులు ఎక్కువైతే 3 ఆర్‌పీఎం వచ్చేస్తుంది. రెండు పెట్టెల 0 వోల్టులు ఒకటి కంటే ఎక్కువ దారుల్లో కలిసి, సిగ్నల్ గ్రౌండ్ వైరులోనూ పవర్ కరెంటు పారడమే గ్రౌండ్ లూప్.

ముందు నిర్ధారణ: మోటార్ నుంచి లోడ్ విప్పేయండి, ఎమర్జెన్సీ స్టాప్ చేతికి అందేలా ఉంచుకోండి. పవర్ ఆపి, డ్రైవ్ రిఫరెన్స్ ప్లస్, మైనస్‌ల (కమాండ్ వోల్టేజీ వచ్చే టెర్మినళ్ల) నుంచి కంట్రోలర్ వైర్లు తీసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న వైరుతో కలపండి. పవర్ ఇచ్చాక ఇంకా పాకుతుంటే అది డ్రైవ్ ఆఫ్‌సెట్, అంటే సున్నా దగ్గర ఎప్పుడూ ఉండిపోయే చిన్న తేడా. ఆగిపోతే వైర్లు మళ్లీ పెట్టి గమనించండి. కదలిక ఎప్పుడూ ఒకేలా ఉంటే కంట్రోలర్ ఆఫ్‌సెట్‌ని అనుమానించాలి. పక్క యాక్సిస్ (అదే సప్లై మీదున్న ఇంకో డ్రైవ్, మోటార్) లోడ్ తీసుకున్నప్పుడల్లా మారుతుంటే మాత్రం గ్రౌండ్ లూపే. చాలామంది ఇక్కడ ఆఫ్‌సెట్ పాట్ (ఆ తేడాని సరిచేసే చిన్న తిప్పుడు స్క్రూ) తిప్పి సరిపెడతారు. లోడ్ మారగానే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది.

కారణం: డీసీ సప్లైతో నడిచే చాలా ఆంప్లిఫయర్లలో పవర్ మైనస్, సిగ్నల్ గ్రౌండ్ లోపల ఒకటే. డ్రైవ్ నుంచి సప్లై మైనస్‌కి వెళ్లే తిరుగు వైరులో కరెంటు 10 ఆంపియర్లు, దాని రెసిస్టెన్స్ 20 మిల్లీ ఓమ్‌లు అనుకోండి. ఆ వైరు మీద 0.2 వోల్టు పడుతుంది. కంట్రోలర్ 0 వోల్టు కూడా సప్లై మైనస్‌కి లావు వైరుతో కలిసి ఉంటే, ఆ 0.2లో దాదాపు అంతా సన్నని సిగ్నల్ గ్రౌండ్ వైరు మీదే కనిపిస్తుంది. సింగిల్ ఎండెడ్ ఇన్‌పుట్ (సిగ్నల్‌ని తన గ్రౌండ్‌తో పోల్చి చూసేది) దాన్ని కమాండ్ అనుకుంటుంది: 60 ఆర్‌పీఎం!

కంటికి కనపడని దారులూ ఉంటాయి. డ్రైవ్ నుంచి కంట్రోలర్‌కి వెళ్లే ఎన్‌కోడర్ (మోటార్ స్థానం చెప్పే సెన్సర్) కేబుల్‌లోని 0 వోల్టు వైరు, ఎర్త్ ఉన్న కంప్యూటర్ నుంచి వచ్చే యూఎస్‌బీ కేబుల్ అలాంటివే. ల్యాప్‌టాప్ చార్జర్ తీయగానే గుర్రు తగ్గితే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: డ్రైవ్‌కి డిఫరెన్షియల్ ఇన్‌పుట్ (రెండు వైర్ల మధ్య తేడానే చూసేది) ఉంటే దాన్నే వాడండి. ఔట్‌పుట్‌ని రిఫరెన్స్ ప్లస్‌కి, కంట్రోలర్ అనలాగ్ కామన్‌ని రిఫరెన్స్ మైనస్‌కి, మెలివేసిన జత వైర్లతో ఇవ్వండి. డ్రైవ్ దగ్గర రిఫరెన్స్ మైనస్‌ని గ్రౌండ్‌కి జంపర్ చేస్తే డిఫరెన్షియల్ ఉన్నా లేనట్టే. అయితే రెండు పెట్టెల 0 వోల్టుల మధ్య తేడా ఇన్‌పుట్ తట్టుకునే హద్దులోనే ఉండాలి. ఆ హద్దు మాన్యువల్‌లో ఉంటుంది.

సింగిల్ ఎండెడ్ ఇన్‌పుట్ ఒక్కటే ఉంటే మధ్యలో ఐసోలేషన్ ఆంప్లిఫయర్ (రెండు గ్రౌండ్‌లనూ కలపకుండా సిగ్నల్‌ని దాటించేది) పెట్టడమే నమ్మకమైన దారి. ప్రతి డ్రైవ్ పవర్ మైనస్‌నీ విడిగా సప్లై దగ్గరికే తీసుకెళ్లండి, ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా లాగొద్దు. సప్లై మైనస్‌ని ఎర్త్ చేసేది ఒక్క చోటే. అనలాగ్ కేబుల్ షీల్డ్‌ని (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగుని) 50 హెర్ట్జ్ గుర్రు ఉన్నప్పుడు ఒక చివరే కలపండి. సిగ్నల్ తిరుగు వైరుగా షీల్డ్‌ని ఎప్పుడూ వాడొద్దు.

లూప్ తెగుతుందని సేఫ్టీ ఎర్త్ మాత్రం తీయకండి, ప్రాణాల మీదికి వస్తుంది.

చివరగా ఈ మోటార్‌ని జీరో కమాండ్‌లో ఉంచి, మిగతా యాక్సిస్‌లన్నీ నడుస్తుండగా అనలాగ్ కామన్‌కీ డ్రైవ్ సిగ్నల్ గ్రౌండ్‌కీ మధ్య మీటర్‌తో ఏసీ, డీసీ రెండూ కొలవండి. డిఫరెన్షియల్ కనెక్షన్‌లో అక్కడ కొంత వోల్టేజీ కనిపించినా, ఈ మోటార్ కదలకుండా ఉంటే పని అయినట్టే.