16-బిట్ రంగుల్లో పిక్సెల్‌ని ఒకే గుణకారంతో షేడ్ చేయడం ఎలా?

హై కలర్‌లో ఒక్కో పిక్సెల్‌కి 16 బిట్లు: ఎరుపుకి 5, ఆకుపచ్చకి 6, నీలానికి 5. షేడ్ చేయడమంటే మూడింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించడమే కాబట్టి, చాలామంది వాటిని విడదీసి, ఒక్కోదాన్నీ ఫ్లోట్‌తో (దశాంశ సంఖ్యతో) గుణించి, మళ్లీ కలిపేస్తారు. పనైతే అవుతుంది. కానీ 640×480 తెర మీద 3,07,200 పిక్సెళ్లుంటాయి, ప్రతి ఫ్రేమ్‌లో అన్నింటికీ ఇదే తతంగమంటే దండగ.

ముందు వెలుతురుని 0 నుంచి 32 వరకు పూర్ణాంకంగా పెట్టుకోండి. 32 ఎందుకంటే, దాంతో భాగించడం అంటే 5 బిట్లు కుడికి జరపడమే.

ఇప్పుడు అసలు కిటుకు. గుణించగానే ఒక్కో రంగు 5 బిట్ల దాకా పెరిగి పక్క రంగులోకి పొర్లిపోతుంది, అదే గొడవ. అందుకని పిక్సెల్‌ని 32 బిట్లలోకి తీసుకుని ఆకుపచ్చని పైసగంలోకి పంపేస్తే, మూడింటి మధ్యా సరిపడా ఖాళీ దొరుకుతుంది, ఒక్క గుణకారంతో మూడూ అయిపోతాయి (వి అంటే మధ్యలో వాడుకునే విలువ; 132184095 మాస్క్, అంటే మనకి కావాల్సిన బిట్లనే ఉంచి మిగతావి తీసేసే సంఖ్య):

వి = (రంగు | (రంగు << 16)) & 132184095
వి = ((వి * వెలుతురు) >> 5) & 132184095
ఫలితం = (వి | (వి >> 16)) & 65535

తెలుపు 65535ని వెలుతురు 16తో పెట్టి చూడండి, 31727 రావాలి. రంగునీ, వినీ 32-బిట్ అన్‌సైన్డ్‌గానే (మైనస్ గుర్తుకి చోటు లేని పూర్ణాంకంగానే) ఉంచండి; పై బిట్ కూడా వాడేస్తున్నాం, సైన్డ్ అయితే సీ భాషలో ఓవర్‌ఫ్లోకి గ్యారంటీ లేదు. కొన్ని పాత గ్రాఫిక్స్ కార్డులు ఆకుపచ్చకి కూడా 5 బిట్లే ఇస్తాయి, అప్పుడు మాస్క్ 65043487. ఏ ఫార్మాటో ప్రోగ్రామ్ మొదట్లోనే అడిగి తెలుసుకోండి, లేదంటే రంగులు విచిత్రంగా వస్తాయి.

నీడలకి సరిగ్గా సగం చాలనుకుంటే గుణకారం కూడా అక్కర్లేదు, ఆకుపచ్చకి 6 బిట్లున్నప్పుడు (రంగు & 63454) >> 1 చాలు. ప్రతి రంగులో చివరి బిట్ ముందే తీసేస్తున్నాం కాబట్టి అది పక్కదాంట్లో పడదు.

జవాబులన్నీ ముందే లెక్కేసి పెట్టుకున్న టేబుల్ వాడొచ్చుగా అంటారా? టెక్స్చర్ (గోడల్లాంటి వాటి మీద అతికించే బొమ్మ) 256 రంగుల పాలెట్‌దైతే, అంటే 256 రంగుల జాబితాలోంచే రంగులు తీసుకునేదైతే, భేషుగ్గా వాడొచ్చు, 33 స్థాయిలకి 16,896 బైట్లే. అదే 65,536 రంగులకీ కడితే 4 ఎంబీ దాటుతుంది, క్యాష్‌లో (ప్రాసెసర్‌లోని చిన్న, వేగమైన మెమరీలో) పట్టక లెక్కేసుకోవడం కన్నా నెమ్మదిగా నడిచే ప్రమాదం ఉంది.

వెలుతురుని పిక్సెల్ పిక్సెల్‌కీ మొదట్నుంచీ లెక్కించకండి. వరుస రెండు చివర్లా విలువ కనుక్కుని, ఫిక్స్‌డ్ పాయింట్‌లో (పూర్ణాంకంలోనే చివరి బిట్లని భిన్నానికి వాడుకునే పద్ధతిలో) ఒక్కో అడుగూ కలుపుతూ పోతే సరి. గీయడం మామూలు మెమరీలో చేసి చివర్లో తెరకి కాపీ చేయండి, వీడియో మెమరీని తిరిగి చదవడం చాలా స్లో.

ఇన్ని చేసినా నున్నటి గోడల మీద చారలు కనిపిస్తాయి, ఎరుపుకీ నీలానికీ ఉన్నవి 32 మెట్లే మరి. ఫిక్స్‌డ్ పాయింట్ విలువలో చివరి బిట్లు కొట్టేసే ముందు, గళ్ల నమూనాలో పిక్సెల్ విడిచి పిక్సెల్‌కి అర మెట్టు కలపండి, చారలు బాగా తగ్గుతాయి.