ఇంట్లో బీరు, ఐదో పాఠం: చవకగా చేస్తే బాగుండదా?

పోయిన పాఠంలో ఖర్చు తగ్గించుకోవడం గురించి రాశా. దాన్ని చూసి చేసినవాళ్ళు రాసినవన్నీ ఒకచోట పెట్టుకుని రెండుసార్లు చదివా. ఎక్కువమంది మాట ఒకటే, మీరు తగ్గించమన్నారు మేం తగ్గించాం, ఇప్పుడు ఇరవై లీటర్ల బీరు ఆసుపత్రి వాసన కొడుతోంది అని. ఒకతను ఇంకా సూటిగా అడిగాడు, "అన్నా, చవక మాల్ట్ పోస్తే చవక బీరే వస్తుందని ముందే చెప్పుంటే సరిపోయేది కదా" అని. (మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ.) ఈసారి లాగర్ (చల్లగా, నిదానంగా పులిసే బీరు) మొదలుపెడదామనుకున్నా, అది పక్కన పెట్టేస్తున్నా, ఎందుకంటే ఆ మాట తప్పు, ఆ తప్పు మనసులో ఉంచుకుని ముందుకెళ్తే ఇక ప్రతి బ్యాచ్‌కీ ఖరీదైన సామాన్లు కొంటూ పోతారు, వాసన మాత్రం అలాగే ఉంటుంది.

వాళ్ళలో ఒకరు బాటిల్ తెచ్చిచ్చారు. మూత తీయగానే గ్యాస్ బాగానే కొట్టింది. గ్లాసులో వంపితే నురగ రెండు వేళ్ళ మందాన లేచి నిలబడింది, తొందరగా కుంగలేదు, తాగుతుంటే గ్లాసు గోడకి వలయాలు వలయాలుగా అంటుకుంది. లేత బంగారు రంగు, అవతల వేలు పెడితే కనపడేంత తేట. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే మాత్రం అప్పుడే కాగితం పీకిన ప్లాస్టర్ వాసన, మింగాక గొంతు వెనక మందు పట్టుకున్నట్టు వగరు. ఇప్పుడు ఆలోచించండి, మాల్ట్ పనికిమాలినదైతే ఆ నురగ ఎక్కడిది? బీరుని పులియబెట్టే ఈస్ట్ సరిగ్గా పని చేయకపోతే ఆ తేట ఎక్కడిది? ఆ మనిషి వాడింది మామూలు పేల్ మాల్ట్, ఒకే రకం, పెద్ద సంచీలో తెచ్చుకున్నది. ఆ మాల్ట్ తన పని తను చేసింది. చెడగొట్టింది క్లోరిన్.

ఇందులో నా తప్పు ఉంది. ఖరీదైన శానిటైజర్ (సామాన్ల మీద క్రిములు చంపే మందు) దొరక్కపోతే బ్లీచ్ చాలని రాశా, తర్వాత కడిగేయండి అని ఒక్క ముక్కతో వదిలేశా. చాలదు ఆ ముక్క. అందుకే ఈసారి దీన్ని పూర్తిగా చెప్తా, కాస్త ఎక్కువైనా ఓపిక పట్టండి.

మాల్ట్ మరపట్టి వేడినీళ్ళలో నానబెట్టడం మాష్, అందులోంచి తీసిన తియ్యటి నీళ్ళు వోర్ట్. మాల్ట్ పొట్టులోంచి ఫినాల్స్ అనేవి వోర్ట్‌లోకి దిగుతాయి, కొన్ని ఈస్ట్ కూడా తయారుచేస్తుంది. మామూలుగా వాటితో ఏ బాధా లేదు. వాటికి క్లోరిన్ తగిలితే క్లోరోఫినాల్ అవుతుంది, ప్లాస్టర్ వాసన అదే. వంద కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళున్నా మన ముక్కు పట్టేస్తుంది. అంటే ఇరవై లీటర్లు పాడవడానికి ఫర్మెంటర్ (బీరు పులిసే డబ్బా) అడుగున మిగిలిన కాసిని బ్లీచ్ నీళ్ళు చాలు. ఇంకో మాట, ఇది నిలవ పెడితే పోదు. పచ్చి యాపిల్ వాసన వస్తే ఈస్ట్ మీద ఇంకో వారం వదిలేయండి, చాలావరకు తగ్గిపోతుంది, వెన్న వాసన కూడా అంతే, ఈస్టే దాన్ని తినేస్తుంది. క్లోరోఫినాల్‌ని ఏ ఈస్టూ తినదు. మూడు నెలలు దాచి చూద్దామనుకుంటున్నవాళ్ళు ఆ బాటిళ్ళు ఖాళీ చేసి వేరే బ్యాచ్‌కి వాడుకోండి.

క్లోరిన్ మూడు దారుల్లో వస్తుంది. మొదటిది బ్లీచ్. వాసన, రంగు కలపని సాదా బ్లీచ్ లీటరు నీళ్ళకి 3, 4 మిల్లీలీటర్లు చాలు, పదిహేను నిమిషాలు ఉంచాలి, తర్వాత మరగబెట్టి చల్లార్చిన నీళ్ళతో వాసన పూర్తిగా పోయేదాకా కడగాలి, నేనైతే మూడుసార్లు. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనుకుని చాలామంది గ్లాసులకి గ్లాసులు పోశారు, దయచేసి ఆ పని మానేయండి, క్రిములు చావడానికి అంత అక్కర్లేదు, కడగడానికి మాత్రం చచ్చేంత పని పడుతుంది. ఇంకా ముఖ్యం, బ్లీచ్‌లో వెనిగర్ గానీ ఇంకే యాసిడ్ గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. స్టీల్ గిన్నెల్లో రాత్రంతా నానబెట్టొద్దు, స్టీలుకి సన్న గుంటలు పడతాయి.

రెండోది మీ కుళాయి నీళ్ళు. ఫర్మెంటర్ అద్దంలా కడిగినా మాష్‌కి పోసిన నీళ్ళలోనే క్లోరిన్ ఉంటే ఫలితం అదే. ఉత్త క్లోరిన్ అయితే నీళ్ళు ముందురోజు రాత్రి పట్టి మూత లేకుండా ఉంచితే పోతుంది, మరగబెడితే ఇంకా తొందరగా పోతుంది. కొన్నిచోట్ల క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి అయ్యేది) కలుపుతారు, అది అలా తేలిగ్గా పోదు, దానికి మెటాబైసల్ఫైట్ బిళ్ళలే మందు. అర గ్రాము లోపు ఉండే ఒక్క బిళ్ళ సుమారు 75 లీటర్లకి సరిపోతుంది, కాబట్టి 25 లీటర్లకి మూడో వంతు నలిపి వేసి కలియబెట్టండి, నిమిషాల్లో పని అయిపోతుంది. మీ నీళ్ళలో ఏది ఉందో తెలియకపోతే ఎలాగూ బిళ్ళ వేసేయండి, అది రెండింటికీ పనికొస్తుంది. ఈ మొత్తం పాఠంలో అన్నిటికన్నా చవకైన వస్తువు అదే, బీరు రుచిని అన్నిటికన్నా ఎక్కువ మార్చేదీ అదే.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, చివర్లో వోర్ట్ తక్కువైందని నేరుగా కుళాయి కింద పట్టి కలిపే రెండు మూడు లీటర్లు. మాష్ నీళ్ళు జాగ్రత్తగా సిద్ధం చేసుకుని ఇక్కడ పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు. ముందే నీళ్ళు కాస్త ఎక్కువ సిద్ధం చేసి పెట్టుకోండి.

అదే చోట ఇంకో సంగతి. కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. మడ్డి అంటుకుని ఉంటే దాని మీద ఎంత బ్లీచ్ పోసినా లోపలికి దిగదు. నాకు బాటిల్ ఇచ్చినాయన ఫర్మెంటర్ కూడా చూశా. లోపల మెరుస్తోంది, దానికున్న కుళాయి మాత్రం ఎప్పుడూ విప్పలేదు, విప్పి వాషర్ తీస్తే దాని వెనకాల గోధుమరంగు జిగురు పొర, వేలితో రాస్తే జారుతోంది. ప్రతి బ్యాచ్‌కీ కుళాయి విప్పి కడగాలి. ప్లాస్టిక్ డబ్బాలో పీచు వాడొద్దు, గీతలు పడితే అందులో క్రిములు కాపురం పెడతాయి, మెత్తటి గుడ్డ చాలు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. చవక బీరు మంచి బీరు కాగలదా? అవుతుంది, కానీ ఎక్కడ తగ్గించామన్నదే లెక్క. నా పద్ధతి ఏంటంటే, రుచికి తెలియని చోట ఎంతైనా తగ్గిస్తా, ఈస్ట్ ఆరోగ్యం దగ్గర, చల్లదనం దగ్గర, శుభ్రం దగ్గర అసలు తగ్గించను. ఆ మూడింటికీ పెద్దగా డబ్బు పట్టదు, ఓపికే పడుతుంది. ఇంకోటి, పారబోసిన బ్యాచ్ ఖర్చు ఎవరూ లెక్కలో వేసుకోరు. నాలుగు చేసి ఒకటి పారబోస్తే మిగిలిన మూడే ఆ నాలుగింటి ఖర్చూ మోయాలి, లీటరు ఖర్చు మూడో వంతు పెరిగినట్టు. మాల్ట్‌లో మిగుల్చుకున్నదంతా అక్కడ తుడిచిపెట్టుకుపోతుంది.

హాప్స్ సంగతి తీసుకోండి, బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు అవి. గంటసేపు ఉడికే చేదు హాప్స్‌కి పేరున్న సువాసన రకం వేయడం దండగ, ఆ వాసనంతా ఆవిరితో పోతుంది, మిగిలేది చేదే. చేదు ఆల్ఫా ఆమ్లం నుంచి వస్తుంది కాబట్టి 4 శాతం ఆల్ఫా ఉన్న హాప్స్ 60 గ్రాములు వేసే చోట 12 శాతం ఉన్నవి 20 గ్రాములు చాలు. మాగ్నమ్ లాంటి రకాలు ఇందుకే. ఆ మిగిలిన డబ్బుతో మంట ఆపాక వేసే చివరి హాప్స్ మంచివి కొనండి. డ్రై హాపింగ్ (ఉడికించకుండా హాప్స్ నేరుగా ఫర్మెంటర్లో వేయడం) నాకు అంత ఇష్టం ఉండదు, బోలెడు హాప్స్ పోసి దాని వెనక లోపాలు దాచడం కన్నా అసలు బీరు శుభ్రంగా చేయడం మేలనిపిస్తుంది, ఇష్టమున్నవాళ్ళు వేసుకోండి.

మాల్ట్ ఒకే రకం సంచీగా కొనండి, మరపట్టించకుండా గింజగానే పొడి చోట దాచండి, వాడే రోజు పట్టండి. రంగు మాల్ట్‌లు అయిదారు రకాలు కలిపితే రుచి పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది, నా అనుభవంలో రెండు దాటితే ఏది ఏదో తెలియకుండా పోతుంది. చక్కెర గురించి కూడా అడిగారు, మాల్ట్ సగానికి సగం తీసేసి చక్కెర పోసినవాళ్ళున్నారు. చక్కెర దాదాపు మొత్తం ఆల్కహాల్ అయిపోతుంది, నోటికి తగిలే చిక్కదనం ఏమీ ఇవ్వదు, ఈస్ట్‌కి కావలసిన నత్రజనీ అందులో లేదు. అందుకే నీళ్ళలా పల్చగా వచ్చింది. పదో వంతు దాకా వాడండి, బెల్జియం వాళ్ళు ఘాటైన బీర్లలో ఇంకా ఎక్కువే వాడతారు, అది తక్కువ ఖర్చు కోసం కాదు, ఘాటుగా ఉన్నా తేలిగ్గా దిగడం కోసం. బ్రెడ్ ఈస్ట్ వద్దు, సరిగ్గా అడుక్కి దిగదు, వాసన మన చేతిలో ఉండదు.

మంచి ఈస్ట్ ఒక ప్యాకెట్ కొని నాలుగైదు బ్యాచ్‌లు నడపొచ్చు, అసలు పొదుపు అదీ. బాటిళ్ళు నింపేశాక అడుగున మిగిలిన మడ్డిని శుభ్రమైన గాజు సీసాలోకి వంపి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు వెలుతురుకి పట్టి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి, పైన పల్చటి బీరు, మధ్యలో మీగడ రంగులో మెత్తటి పొర, అడుగున ముదురు రంగు చెత్త. మనకి కావాల్సింది ఆ మీగడ. 1.044 గ్రావిటీ (నీళ్ళతో పోలిస్తే ఎంత బరువో చెప్పే అంకె) ఉన్న వోర్ట్ ఇరవై లీటర్లకి చిక్కటిది 150 మిల్లీలీటర్లు సరిపోతుంది. రెండు వారాల్లోపు వాడేయండి. వాసన చూడండి, తాజా రొట్టెలా ఉంటే వాడండి, పుల్లగా గానీ కుళ్ళినట్టు గానీ ఉంటే మొహమాటం లేకుండా పారబోయండి. క్లోరిన్ బ్యాచ్ మడ్డి వాడొచ్చా అని అడిగారు, ఈస్ట్ బతికే ఉంటుంది గానీ నేను వాడను.

చల్లదనం గురించి మూడో పాఠంలో చెప్పా, మళ్ళీ రాయను. ఫర్మెంటర్‌కి తడి గుడ్డ చుట్టి నీళ్ళ టబ్బులో నిలబెట్టండి, గడ్డకట్టిన నీళ్ళ సీసాలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మార్చండి, మొదటి మూడు రోజులు 20 డిగ్రీలు దాటనివ్వకండి, అంతే. ఘాటుగా మండినట్టుంది అన్నవాళ్ళందరి కథా ఇక్కడే ఉంది.

సెకండరీ ఫర్మెంటర్ (పులిశాక బీరుని మార్చే రెండో డబ్బా) నేను వాడను. అయోడిన్ టెస్ట్ (మాష్‌లో పిండి మిగిలిందేమో చూసేది) కూడా మానేసి చాలా ఏళ్ళయింది, మాష్‌ని 66 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే పిండి మిగలదు.

రెండు బాటిళ్ళు పగిలాయని ఒకరు రాశారు, అది చదివి నిద్ర పట్టలేదు. ఎయిర్‌లాక్‌లో (గ్యాస్ బయటికి వదిలే మూత గొట్టం) బుడగలు ఆగితే పులియడం అయిపోయినట్టు కాదు. మూత ఎక్కడో కాస్త వదులుగా ఉన్నా బుడగలు రావు. హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచేది) మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపించాలి, అప్పుడే నింపండి. ప్రైమింగ్ చక్కెర (బాటిల్లో గ్యాస్ పుట్టడానికి వేసేది) లీటరుకి 6 గ్రాములు, తూకం వేసి, చెంచా లెక్క కాదు. అన్ని బాటిళ్ళతో పాటు ఒకటి ప్లాస్టిక్ సోడా బాటిల్ కూడా నింపండి, వేళ్ళతో నొక్కితే ఎంత గట్టిపడిందో తెలుస్తుంది, రాయిలా అయితే మిగతావన్నీ వెంటనే చల్లటి చోటికి మార్చండి. పల్చటి గాజు బాటిళ్ళు అసలు వాడొద్దు.

ఇప్పుడు అభ్యాసం. ఇది కష్టమే, అయినా చేయండి. ఇరవై లీటర్లకి 4.2 కిలోల పేల్ మాల్ట్, 12 శాతం చేదు హాప్స్ 15 గ్రాములు గంటసేపు, మంట ఆపాక నచ్చిన సువాసన హాప్స్ 20 గ్రాములు, దాచిన ఈస్ట్. మాల్ట్ ఇవ్వగల చక్కెరలో నూటికి 70 పాళ్ళు రాబట్టగలిగితే గ్రావిటీ 1.044 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగుతుంది, ఆల్కహాల్ నాలుగున్నర శాతం దాకా వస్తుంది. నీళ్ళకి బిళ్ళ వేయడం మర్చిపోవద్దు. తర్వాత ఇదే కొలతలతో ఇంకో ఇరవై లీటర్లు మీరు ఖరీదైనవి అనుకునే మాల్ట్, హాప్స్, కొత్త ఈస్ట్ ప్యాకెట్‌తో చేయండి. చేదు మాత్రం సమానంగా ఉండాలి, ఆల్ఫా శాతం చూసి గ్రాములు లెక్క కట్టుకోండి. రెండూ ఒకే చల్లదనంలో పులియాలి, రెండూ సీసాలో మూడు వారాలు ఉండాలి.

అప్పుడు మూడు గ్లాసులు. రెండింట్లో ఒక బీరు, మూడోదాంట్లో ఇంకోటి, ఎందులో ఏది పోశారో పోసినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియకూడదు, రంగు తేడా ఉంటే ముదురు రంగు గ్లాసులు వాడండి. తాగేవాళ్ళు వేరేగా ఉన్న గ్లాసు ఏదో చెప్పాలి. ఊరికే చూపించినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒకటి రెండుసార్లు తగిలితే లెక్క కాదు, పన్నెండుసార్లు చేయండి, ఒకే రోజు వద్దు, రెండు మూడు రోజులకి పంచుకోండి. ఎనిమిది అంతకన్నా ఎక్కువ సరిగ్గా వస్తే తేడా నిజంగా ఉన్నట్టు. అప్పుడు మాత్రమే ఏది నచ్చిందో అడగండి. ఎనిమిది రాకపోతే ఖరీదైన బ్యాచ్‌కి మీరు పెట్టిన ఖర్చంతా ఒక కాగితం మీద రాసి నాకు పంపండి, ఆరో పాఠంలో లాగర్ ఆ కాగితం నుంచే మొదలుపెడతా.