దండీలు తేలికైపోయాయా? సంఖ్య కాదు, బరువు పెంచండి

జిమ్‌కి వెళ్తేనే కండ పెరుగుతుందనుకుని చాలామంది దండీలు మానేస్తుంటారు. అది నిజం కాదు. మామూలు దండీలో ఒంటి బరువులో దాదాపు 65 శాతం చేతుల మీదే పడుతుంది. 70 కిలోల మనిషికి అది సుమారు 45 కిలోలు, తక్కువేం కాదు!

కాకపోతే 30 దండీలు సునాయాసంగా తీసేస్తుంటే ఇక 50, 60కి పోకండి. దమ్ము పెరుగుతుంది గానీ కండ అంతగా పెరగదు. కాళ్లు కుర్చీ మీద పెట్టి, మూడు సెకన్లు పట్టేలా నెమ్మదిగా కిందికి దిగండి. అదీ తేలికైతే స్కూలు బ్యాగులో ఐదు కిలోల బియ్యం వేసి వీపుకి తగిలించుకోండి. ఇంకొక్కటో రెండో మాత్రమే తీయగలం అనిపించేదాకా చేయాలి, అసలు కీలకం అక్కడే ఉంది.

తొడలకు మాత్రం బరువులే మేలని నా అభిప్రాయం. ఉత్త గుంజీలు త్వరగా తేలికైపోతాయి.