పచ్చి పుదీనాకు వెనిగర్ నీళ్లు

ఎర్రగడ్డ రైతుబజార్‌లో కొన్న పుదీనా ఎంత కడిగినా గిన్నె అడుగున మట్టి కనిపిస్తూనే ఉంటుంది. బిర్యానీలోకైతే ఎలాగూ ఉడుకుతుంది, రైతాలో పచ్చిగా వేసేటప్పుడే టెన్షన్.

ఇప్పుడిలా చేస్తున్నాను. వేర్లు కోసేసి, మామూలు నీళ్లలో రెండుసార్లు బాగా జాడిస్తాను. తర్వాత 3 కప్పుల నీళ్లలో 1 కప్పు తెల్ల వెనిగర్ కలిపి (సీసా మీద 4 లేదా 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అని ఉంటుంది, ఖరీదైన యాపిల్ వెనిగర్ అక్కర్లేదు) 5 నిమిషాలు ముంచుతాను. మళ్లీ మంచినీళ్లతో కడిగి, పాత కాటన్ చున్నీ మీద ఆరబెడతాను. వాసన రాదు.

మరచిపోయి అరగంట వదిలేస్తే ఆకు వాడిపోతుంది, నాకోసారి అయింది. మట్టి పోకముందే ముంచితే వెనిగర్ దండగ. క్రిములు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవు, ఇంట్లో గర్భిణులుంటే ఉడికించే పెట్టండి.