పాఠం 5: ఉత్తరం కింద సంతకం ఎవరిది?

పోయిన పాఠం అభ్యాసానికి మీరు రాసిన జవాబులు దాదాపు అన్నీ ఒకే క్రియతో ముగిశాయి: "ఐఎంఎఫ్ ఆదేశించింది." (ఐఎంఎఫ్ అంటే కష్టాల్లో పడ్డ దేశాలకు షరతులతో అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి.) అందుకని ఈసారి చెప్పవలసిన ప్రపంచ వాణిజ్య సంస్థను వాయిదా వేస్తున్నాను. ముందు ఈ క్రియ సంగతి తేలాలి.

అప్పు కోసం ఏమేం చేస్తామో చెప్పే ఉద్దేశ లేఖను ఐఎంఎఫ్ దేశానికి పంపదు. అప్పు కోరే దేశపు ఆర్థిక మంత్రి, కేంద్ర బ్యాంకు గవర్నరు సాధారణంగా సంతకాలు చేసి ఐఎంఎఫ్ మేనేజింగ్ డైరెక్టరుకు పంపుతారు. అందులో "ఫలానా సబ్సిడీ తగ్గిస్తాం" అని ఉంటుంది, "తగ్గించండి" అని ఉండదు. చిత్తుప్రతిలో ఐఎంఎఫ్ సిబ్బంది చేయి ఉంటుంది, నిజమే. "మరి అది ఆదేశమే కదా" అంటారు. కాదండీ. తాను ఎప్పటినుంచో చేయాలనుకున్నా సొంత పార్టీ పడనివ్వని పనిని ఆ లేఖలోకి ఎక్కించి, "ఏం చేయను, షరతు" అని చేతులు దులుపుకునే మంత్రులుంటారు. మీరు "ఆదేశించింది" అని రాయగానే అలాంటి మంత్రి మీ వాక్యంలోంచి జారుకుంటాడు.

1998 జనవరి 15న జకార్తాలో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో అలాంటి లేఖపై వంగి సంతకం చేస్తుంటే ఐఎంఎఫ్ అధిపతి మిషెల్ కామ్డెస్యూ చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో చాలామందికి గుర్తు. ఆదేశానికి అంతకంటే సాక్ష్యం వద్దనిపిస్తుంది. కానీ వచ్చే నెలకే సుహార్తో, ఐఎంఎఫ్ వద్దన్నా, దేశ కరెన్సీని డాలరుకు స్థిర రేటుతో కట్టేసే కరెన్సీ బోర్డు ఆలోచన ఎత్తుకున్నాడు. మార్చిలో రావలసిన 300 కోట్ల డాలర్ల అప్పు వాయిదా ఆగింది. ఐఎంఎఫ్ చేతిలో ఉన్నది ఆ తాళమే, డబ్బు విడుదల చేయడం లేదా ఆపడం. 1976లో బ్రిటన్ 390 కోట్ల డాలర్లు అడిగినప్పుడు కూడా ఖర్చుల కోతకు ఆర్థిక మంత్రి డెనిస్ హీలీ సొంత కేబినెట్‌ను ఒప్పించుకోవలసి వచ్చింది.

నేనైతే లేఖను మొదటి నుంచి చదవను. నేరుగా చివరి పట్టికలకు వెళ్తాను. "ముందస్తు చర్యలు" అన్నవి ఐఎంఎఫ్ బోర్డు అప్పు మంజూరు చేసేలోపే జరిగిపోవాలి, బరువంతా వాటిదే. లోటు వంటి అంకెల లక్ష్యం తప్పితే బోర్డు మినహాయింపు కావాలి. చట్టాలు, సంస్థల మార్పుల వంటి నిర్మాణాత్మక సంస్కరణల గడువు తప్పితే 2009 నుంచి ఆ మినహాయింపుతో పనిలేదు.

అభ్యాసం: ఏదో ఒక దేశపు లేఖలో ఒక ముందస్తు చర్య తీసుకోండి. అది చట్టమో ఉత్తర్వో అయిన తేదీ వెతకండి. అప్పు మాట రాకముందే దాన్ని ఆ ప్రభుత్వంలో ఎవరైనా కోరారేమో పాత బడ్జెట్ ప్రసంగాల్లో, ఎన్నికల ప్రణాళికల్లో చూడండి. రెండు వాక్యాల్లో రాయండి. ఏ క్రియ వాడకూడదో మళ్లీ చెప్పను.